ఎక్కని కారు

పొద్దున్నే జ్ఞానశేఖర్ మల్కాపురంలో కాలేజీ బస్సు తీస్తాడు. గాజువాకలో పిల్లల్ని ఎక్కించుకుని దువ్వాడలో దింపుతాడు. బస్సు వెనకాలే పసుపు రంగు రేసు కారు వస్తుంది. అందులో ఎవరూ ఉండరు. సిగ్నల్ పడితే ఆగుతుంది, గేదెలు అడ్డమొస్తే ఓపిగ్గా నిలబడుతుంది. ఆ బుద్ధి మన ఆటోవాళ్లకుంటే ఊరు ఎప్పుడో బాగుపడేది.

ఆదివారం కారుకీ సెలవే. జ్ఞానశేఖర్, భార్య రోజలిన్, కూతురు అక్సా చర్చికి వెళ్లగానే పక్కింటి గంగాలమ్మ దాని బానెట్ మీద చేపలు ఎండబెట్టుకుంటుంది. తలుపు మీద జ్ఞానశేఖర్ పేరు ఎండకి వెలిసిపోయింది. క్రిస్మస్ వస్తే రోజలిన్ ఇంటితోపాటు కారుకీ లైట్లు కడుతుంది.

కుర్రతనంలో అతను సింహాచలం ఘాట్ రోడ్డు మీద టాక్సీ తోలేవాడు. ఆ మలుపుల్లో అతని వేగానికి భక్తులు గుడి దాకా ఆగకుండా దారిలోనే దణ్ణాలు పెట్టేసేవారు. కోయంబత్తూరులో రేసు కార్లు కట్టే ఒక చిన్న షెడ్డు వాళ్లు ఆ చెయ్యి చూసి రేసుల్లోకి తీసుకెళ్లారు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ అతనికి వాన పడ్డ ట్రాక్ వాసన వస్తుంది. తడి రోడ్డు మీద వైజాగ్ కుర్రాణ్ణి పట్టుకునేవాడు లేడనేవారు. షెడ్డు వాళ్లు అప్పు చేసి మరీ అతని కోసం కొత్త కారు కట్టారు. అది తయారయ్యేలోపు బొంబాయి నుంచి పెద్ద టీం పిలిచింది. జ్ఞానశేఖర్ వెళ్లిపోయాడు. అక్కడ అతను రిజర్వు డ్రైవరు. అంటే అసలు డ్రైవరుకి జ్వరమొస్తే తప్ప స్టీరింగు చేతికి రాదు. ఆ మహానుభావుడికి ఒక్కనాడూ జలుబైనా చెయ్యలేదు. వయసు దాటిపోయి విశాఖ తిరిగొచ్చేసరికి, కోయంబత్తూరులో ఎక్కకుండా వదిలేసిన పసుపు కారు ఇంటి ముందు నిలబడి ఉంది. ఇంతవరకూ అతను దాని తలుపు తియ్యలేదు.

అక్సాకీ అదే పిచ్చి పట్టుకుంది. తండ్రికన్నా నయం, బ్రేకు ఎక్కడ వెయ్యాలో తెలుసు. ఈ ఏడు ఆమెకి రెండు పిలుపులు వచ్చాయి. చిన్న టీం వాళ్లు అన్ని రేసుల్లోనూ నువ్వే దిగాలన్నారు. పెద్ద టీం వాళ్లు రిజర్వులో ఉండమన్నారు. పెద్ద టీముకే సరే అంటానని, మర్నాడు ఫోన్ చేస్తానని సాయంత్రం టీ తాగుతూ చెప్పింది. తను చేసిందే కూతురు చేస్తుంటే వద్దనడానికి ఏ మొహం పెట్టుకోవాలో జ్ఞానశేఖర్‌కి తెలియలేదు.

ఇంతలో వీధి మలుపు తిరిగి నీలం కారొకటి వచ్చింది. లోపల ఎవరూ లేరు. మెల్లగా పసుపు కారు వెనక చేరి ఆగింది. తలుపు మీద అక్సా పేరు ఉంది, రంగు ఇంకా తడి ఆరలేదు.

గంగాలమ్మ చేట పట్టుకుని వచ్చి చూసింది. "ఇంకోటొచ్చినాదా? మంచిదేలే, పండుగప్ప చేపలు దీని మీదేసుకుంటాను" అంది.

జ్ఞానశేఖర్ టీ గ్లాసు కింద పెట్టాడు. కూతుర్ని గుమ్మంలోకి తీసుకెళ్లి రెండు కార్లకీ ఎదురుగా నిలబెట్టాడు.

"పెద్ద టీం డాడీ. రెండేళ్లు ఓపిక పడితే సీటిస్తారు" అంది అక్సా.

"నానూ ఇదే మాటన్నాను. అబద్ధం. నాను గెలవడానికి ఎల్నేదమ్మా. ఓడిపోకుండా ఉండడానికి ఎల్లాను. రేసులోకే దిగనోడు ఎలా ఓడిపోతాడు?"

ఆ మాట అతను రోజలిన్‌కి కూడా ఎప్పుడూ చెప్పలేదు. "నాకూ భయమే డాడీ" అంది అక్సా.

"భయపడు. భయపడతానే ఎల్లు."

అక్సా అక్కడే నిలబడి చిన్న టీముకి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పింది. ఆమె మాట్లాడుతుండగానే నీలం కారు వెనక్కి తిరిగి, వచ్చిన దారినే పోయింది. గంగాలమ్మ మొహం చిన్నబుచ్చుకుంది.

వారం తిరక్కుండానే దువ్వాడ స్టేషన్లో కూతుర్ని రైలెక్కించాడు జ్ఞానశేఖర్. రైలు కదిలాక పట్టాల పక్క రోడ్డు మీదే చూపు నిలిపాడు. పెట్టెలన్నీ దాటిపోయాయి. అక్సా వెనక ఏ కారూ వెళ్లడం లేదు. అతను ప్లాట్‌ఫాం మీదే కూలబడి, సంతోషం పట్టలేక, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.