ఆల్టన్ రాసిన వంటిల్లు

పొయ్యి మీద ఎర్రబడుతున్న ఇనప దువ్వెనని తీసి వెర్డెల్ పాత గుడ్డ మీద ఒత్తి చూసింది. గుడ్డ కమరలేదు, వేడి సరిపోయింది. "చెవి పట్టుకో" అంది. కుర్చీలో కూచున్న పక్కింటామె చెవి మడిచి పట్టుకుంది. శనివారం వచ్చిందంటే ఆ నల్లవాళ్ళ వీధిలో ఆడవాళ్ళంతా క్లీవ్‌లాండ్‌లో ఇంకెక్కడా చోటు లేనట్టు ఈ వంటింటికే వస్తారు. రేపు చర్చికి ఉంగరాల జుట్టు సాపుచేయించుకుని వెళ్ళాలి కదా. "నీ చెయ్యి పడితే ఎంత మొండి జుట్టయినా చెప్పినమాట వింటుంది సిస్టర్" అంటారు. కొందరు చిల్లర చేతిలో పెడతారు, ఎక్కువమంది దీవించి వెళ్ళిపోతారు. అత్తగారు ఓలా మే దృష్టిలో అది అసలు పనే కాదు. "ఇంట్లో ఊరికే కూచునేదానివేగా, కాస్త చేతులాడిస్తే అరిగిపోతావా?" అంటుంది. తెల్లారకముందే మొగుడు ఆల్టన్‌కి భోజనం డబ్బా సర్దడం, తెల్లవాళ్ళ ఇళ్ళ నుంచి మూటల్లో వచ్చిన బట్టలు ఇస్త్రీ చెయ్యడం, ఆ అత్తగారి మోకాళ్ళకే నొప్పుల నూనె రాయడం, అన్నీ ఆ 'ఊరికే'లో ఇమిడిపోయాయి.

ఈ ఆదివారం మామూలు ఆదివారం కాదు. ప్రార్థన అయ్యాక చర్చి కింది హాల్లో ఆల్టన్ రాసిన నాటకం. ఉక్కు ఫ్యాక్టరీ నుంచి వచ్చి, స్నానం చేసి, ఏడాదిపాటు వంటింటి బల్ల మీదే రాశాడు. రాస్తున్నంతసేపూ గిన్నె చప్పుడు కాకుండా అంట్లు తోమడం వెర్డెల్ నేర్చుకుంది. రాసింది మొదటిసారి చదివి వినిపించిన రోజున ఆమె చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. నాటకంలో జెస్సీ అనేవాడికి ఒక కొట్టు పెట్టాలని కల. గాజు తలుపు, మూడు కుర్చీలు, అద్దం మీద బంగారు అక్షరాల్లో తన పేరు. పెళ్ళాం నోరా ఆ కలని తోసిపుచ్చుతుంది: "మనలాంటోళ్ళ ఇంట్లో ఒక కలకే చోటు చాలదు. రెండోది ఎక్కడ పెడతావు?"

ఆ గాజు తలుపు వెర్డెల్‌ది. ఆ బంగారు అక్షరాలూ ఆమెవే. ఆడవాళ్ళకి జుట్టు దువ్వే కొట్టు పెట్టుకుంటానని మొదటిసారి నోరు విప్పి అడిగిన రోజున, పళ్ళెంలోంచి తలెత్తకుండా ఆ మాటన్నది ఆల్టన్.

"అది నేను చెప్పింది కదా" అంది ఆమె.

ఆల్టన్ నవ్వాడు. "నాటకమన్నాక ఎవరి మాటో ఎవరి నోట్లోనో పడుద్ది వెర్డీ. జనం ఏడవాలంటే మగాడి కల విరగాలి. ఆడదాని కొట్టు పోతే ఎవడేడుస్తాడు?"

"మావాడు నిన్ను పెళ్ళాం వేషానికి తీసుకున్నాడు, అంతటితో సంతోషించు" అంది ఓలా మే.

వెర్డెల్ ఒప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తుంది? ఫ్యాక్టరీలో మీసాలు రాని తెల్ల మేస్త్రీ కూడా "ఒరే అబ్బాయ్" అని పిలుస్తాడు ఆల్టన్‌ని. ఆ పిలుపుకి రోజంతా వంగిన వెన్ను, కాగితం ముందు కూచున్నప్పుడే నిటారుగా నిలబడేది. దాన్ని కూడా తను విరగ్గొడితే ఆ మనిషికి ఇంకేం మిగులుతుంది? ఇలా ఆలోచించడం కూడా ఇంటిచాకిరీలో ఒకటని, దానికి ఆదివారం సెలవు కూడా లేదని ఆమెకి తెలుసు.

ఆదివారం హాలు కిక్కిరిసింది. జెస్సీ వేషం ఆల్టనే వేశాడు. అట్టతో చేసిన పొయ్యి దగ్గర వెర్డెల్ ఇనప దువ్వెన పట్టుకుని నిలబడి ఉంటే, అతను గాజు తలుపు గురించి చెప్పాడు. ఎంత బాగా చెప్పాడంటే ఆమె తలుపే ఆమెకి కొత్తగా, మరీ అందంగా కనబడింది. "చెప్పు బ్రదర్, చెప్పు" అంటూ జనం కళ్ళు తుడుచుకున్నారు. వచ్చే శనివారం వీళ్ళే వచ్చి కుర్చీలో కూచుని, పాపం, ఆయన కాళ్ళకి నువ్వే అడ్డం పడ్డావు సిస్టర్, అంటారు. కొన్నాళ్ళకి తనకీ అదే నిజమనిపిస్తుంది.

ఇప్పుడు ఆమె మాట్లాడాలి. మాట పెగల్లేదు.

"మనలాంటోళ్ళ ఇంట్లో..." ఆల్టన్ పెదాలు కదపకుండా అందించాడు.

ఆ చర్చిలో పాటకో, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యానికో లేచినవాళ్ళు మధ్యలో ఆగిపోతే, నోరు పెగిలేదాకా ఎవరూ కూచోనివ్వరు. ముందు వరసలోంచి ముసలి మదర్ గ్రిఫిన్ అరచెయ్యి పైకెత్తింది. "తొందరేం లేదు బిడ్డా. నిదానంగా చెప్పు." వెనకనించి ఇంకో గొంతు, "నిదానం సిస్టర్, మేం ఎక్కడికీ పోము" అంది. మొగుడి మాటలకి కరిగిపోయి మాట రావటంలేదనుకున్నారు వాళ్ళు. జనం చేతుల్లో ఊగుతున్న విసనకర్రలు ఆగాయి.

ఆల్టన్ ఆమె వైపు చూశాడు. రోజూ ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకునే చూపే అది. వెర్డెల్‌కి అతని మీద జాలేసింది. ఆ జాలిని అలాగే ఉండనిచ్చి, దువ్వెన కింద పెట్టి, ఇంట్లో మాట్లాడే గొంతుతోనే అంది:

"గాజు తలుపు కావాలన్నది నేను ఆల్టన్. చోటు లేదన్నది నువ్వు."