కోరుట్ల మేడ మీద బార్

లక్ష్మీరాజం పంతొమ్మిదేళ్లు బహ్రెయిన్‌లో ఒక హోటల్ బార్‌లో మందు పోశాడు. పుట్టింది బుగ్గారంలో, తాళ్లెక్కే గౌడ్ల ఇంట్లో. తండ్రి తాటిచెట్టు మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్న ఏడు, తాను చెట్టెక్కే మోకు ముట్టనని చెప్పి విమానం ఎక్కాడు. అక్కడ నేర్చుకున్నవి రెండే: ఎవరికి ఏం పోయాలి, ఎవరికి ఇక పోయకూడదు. రెండోది ఇంకా తెలియని రోజుల్లో ఒకడు గ్లాసు పగలగొట్టి అతని కనుబొమ్మలో దించాడు. తొమ్మిది కుట్లు పడ్డాయి. ఆ తర్వాత తాగేవాడి మెడ నరం చూస్తే చాలు, వీడు ఏడుస్తాడో కొడతాడో చెప్పగలిగేవాడు.

ఆ హోటల్ మూతపడింది. దుబాయ్‌లో సగం లేచిన భవనాలు సగంలోనే ఆగిపోయి, మనుషులు విమానాల నిండా తిరిగొస్తున్న కాలమది. లక్ష్మీరాజం కూడా వచ్చేశాడు. నలభై నాలుగేళ్ల వయసులో చెట్టెక్కలేడు, పొలం లేదు. జగిత్యాలలో ఒక వైన్స్‌లో, ఇనుప జాలీ వెనక నిలబడి క్వార్టర్ సీసాలు అందించే పని దొరికింది. కోరుట్ల జలపతి అతన్ని అక్కడే పట్టుకున్నాడు.

జలపతి గల్ఫ్ ఏజెంటు. వెల్గటూర్ నుంచి బోయినపల్లి దాకా అతని చేతి మీదుగా సౌదీ, దుబాయ్, ఇరాక్ పోయినవాళ్లు వందల్లో ఉంటారు. కోరుట్లలో కొత్తగా రెండంతస్తుల ఇల్లు కట్టాడు.

"ఏమోయ్ గౌడ్, పెద్ద హోటల్ల పోసినవట గదా. గీ జాలీల నిలవడి క్వార్టర్లు అమ్ముడేంది? నా మేడ మీద బార్ పెడుతున్న. అచ్చి సదిరిపెట్టు. దావత్‌కు అచ్చేటోళ్లు నోరెళ్లబెట్టాలె."

లక్ష్మీరాజానికి ఊపిరాడినట్టయింది. తిరిగొచ్చాక అతని పని గురించి ఒక్కరూ అడగలేదు. మరునాడే పోయాడు.

మేడ మీద పెద్ద హాలు. రాజమల్లు అనే వడ్రంగి టేకు కౌంటర్ బిగిస్తున్నాడు. లక్ష్మీరాజం మోచెయ్యి ఆనించి చూసి, ఎత్తు రెండు వేళ్లు తక్కువైందని ఊరికే అన్నాడు. ఆ మాటకు జలపతి అక్కడున్న ఇనుప స్కేలు తీసుకుని, అంచు తగిలేలా రాజమల్లు చెవి మీద కొట్టాడు. చెవి తమ్మె చీలింది. రంపపు పొట్టు మీద నెత్తురు బొట్లు పడ్డాయి. రాజమల్లు కండువాతో చెవి అదుముకుని, మళ్లీ సుత్తి అందుకున్నాడు. లక్ష్మీరాజం అద్దాల అరల వైపు చూస్తూ నిలబడ్డాడు.

రాత్రి అన్నం దగ్గర ఆ సంగతి భార్య శాంతకు చెప్పాడు.

"నువ్వేమన్నవ్?" అందామె.

"నేనేమంట?"

"తక్కువైందన్నది నువ్వే గదా."

లక్ష్మీరాజం కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు. అయినా పొద్దున మళ్లీ వెళ్లాడు, ఎందుకంటే ఆ పని అతనికి అంత ఇష్టం. రెండు వారాలు ఒళ్లు మరిచి చేశాడు. స్కాచ్ కొనే అవసరమే లేదు. జలపతి పంపినవాళ్లు సెలవుకు వచ్చినప్పుడల్లా ఎయిర్‌పోర్టు దుకాణంలోంచి ఒక సీసా తెచ్చి అతనికి ఇచ్చుకోవాలి. అది రివాజు. నలభైకి పైగా సీసాలు స్టోర్ రూంలో దుమ్ము పట్టి ఉన్నాయి. వాటిని తడిబట్టతో తుడిచి, రంగును బట్టి, ఎత్తును బట్టి అరల్లో నిలబెట్టాడు. మిగతావాటికి హైదరాబాద్ పోయాడు. జిన్, వోడ్కా, తెల్ల రమ్, నల్ల రమ్, పెద్దవాళ్లకు బ్రాందీ, ఎర్ర వైన్, తెల్ల వైన్, వాటికి తగిన గ్లాసులు.

"గా ద్రాక్షరసం ఎవడు తాగుతడోయ్?" అన్నాడు జలపతి.

"అందరు విస్కీ తాగరు పటేలా. అచ్చినోనికి ఏది గావాల్నో గది ఇంట్ల ఉండాలె. బార్ అంటె గంతే. వైన్ సీసలు పండవెట్టాలె, నిలవెడితె బిరడ ఎండుతది. విస్కీ నిలవెట్టాలె."

"ఇంకేం గావాలె?"

"పొద్దుగాల్ల కొత్త కల్లు ఒక లొట్టి తెప్పిస్త. దానిముంగట ఏదీ ఆగదు."

జలపతి పడీపడీ నవ్వాడు. "నా మేడ మీద కల్లు లొట్టి పెడుతవా? నీ కులం బుద్ధి పోనిచ్చినవ్ కాదు."



ఆ రెండు వారాల్లో గేటు దగ్గర ఒక మనిషిని రోజూ చూశాడు. పేరు కొమురెల్లి. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపేవాడు. షెడ్డు మూతపడి ఏడాదైంది. అతని తమ్ముడు మహేశ్‌ను జలపతే సౌదీ పంపాడు, సూపర్ మార్కెట్‌లో పని అని చెప్పి. అక్కడ దిగగానే ఎడారిలో గొర్రెలు కాయడానికి పెట్టారు. ఎనిమిది నెలల కింద ఫోన్ చేసి, కఫీల్ పైపుతో కొడుతున్నాడని, తనను ఎక్కడ ఉంచారో తనకే తెలియదని ఏడ్చాడు. కఫీల్ అంటే అతన్ని పనికి పెట్టుకున్న అరబ్బు. ఆ తర్వాత ఫోన్ లేదు. కొమురెల్లి అడిగేది ఒకటే, ఆ కఫీల్ ఎవరు, ఎక్కడుంటాడు. జలపతి బామ్మర్ది హరీశ్ రోజూ అతన్ని మెడ పట్టి గెంటేవాడు. ఒకరోజు బూటుకాలితో కడుపులో తన్నాడు. కొమురెల్లి మోరీ పక్కన కూర్చుని, కాసేపు ఊపిరి పీల్చుకుని, మళ్లీ గేటు ముందు నిలబడ్డాడు.

దావత్ ఆదివారం మధ్యాహ్నం. వెనక పెరట్లో యాట మాంసం ఉడుకుతోంది. మేడ మీద జలపతి, హరీశ్, ఐదారుగురు పెద్దమనుషులు. కాంట్రాక్టర్లు, ఒక రిటైరైన ఆఫీసరు. లక్ష్మీరాజం తెల్ల చొక్కా వేసుకుని కౌంటర్ వెనక నిలబడ్డాడు. ఆఫీసరు వైన్ అడిగాడు. లక్ష్మీరాజం బిరడా చప్పుడు కాకుండా తీసి, గ్లాసులో రెండు గుక్కలు పోసి, రుచి చూడమని అందించాడు. ఆయన తల ఊపి, "బాగ నేర్చినవయ్యా" అన్నాడు. ఆ క్షణాన లక్ష్మీరాజం సంతోషంగానే ఉన్నాడు. ఆ మాట తర్వాత ఎప్పుడు ఒప్పుకోవలసి వచ్చినా దాచలేదు.

రెండు గంటలప్పుడు కింద గొడవైంది. కొమురెల్లి గేటు దాటి మెట్ల దాకా వచ్చేశాడు. హరీశ్ లేవబోతే జలపతి ఆపాడు.

"మీదికి తోలుకరా. నా ఇంటికచ్చినోడు గొంతు ఎండవెట్టుకోని పోవద్దు."

కొమురెల్లి చెప్పులు మెట్ల దగ్గరే విడిచి లోపలికొచ్చాడు. అన్ని సీసాలను చూసి బెదిరినట్టు గోడకు ఆనుకున్నాడు.

"సేటు, మా తమ్ముని అడ్రస్ ఒక్కటి ఇయ్యి. మల్ల నీ గడప తొక్క."

"ఇస్త. గ్లాసుకో ముక్క చెప్త. తాగుకుంట రాసుకో."

"నాకు అలవాటు లేదు సేటు. నీ కాల్మొక్త."

"గట్లయితె పో."

కొమురెల్లి పోలేదు. జలపతి జేబులోంచి చిన్న డైరీ తీసి, "గౌడ్, లార్జ్" అన్నాడు.

లక్ష్మీరాజం కొమురెల్లి ముఖం చూశాడు. పొద్దుట్నుంచి ఏమీ తినని ముఖం అది. పోయకూడదని చేతికి తెలుసు. అయినా పోశాడు. ఇంట్లో బిడ్డ నవ్య కాలేజీ, జాలీ వెనక ఆ క్వార్టర్ సీసాలు, జలపతి చేతిలోని ఇనుప స్కేలు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయని తర్వాత అతనే చెప్పాడు. కొమురెల్లి కళ్లు మూసుకుని మింగి దగ్గాడు. పెద్దమనుషులు నవ్వారు.

"హాయిల్," అన్నాడు జలపతి. "పట్నం పేరు గది."

రెండో గ్లాసుకు కఫీల్ పేరు చెప్పాడు: సుల్తాన్ బిన్ రాకాన్. మూడో గ్లాసుకు, పట్నానికి తూర్పున రోడ్డు మీద పెట్రోలు పంపు. నాలుగో గ్లాసుకు, పంపును ఆనుకుని గొర్రెల దాణా దుకాణం, అది కఫీల్ తమ్ముడిది. కొమురెల్లి దగ్గర రాసుకోవడానికి ఏమీ లేదు. బడిపిల్లాడిలా ఆ మాటలనే వరసగా పైకి అనుకుంటున్నాడు. నాలుగో గ్లాసు తర్వాత మోకాళ్లు వంగాయి. కౌంటర్ అంచు పట్టుకుని వేలాడాడు.

"ఇగ సాలు పటేలా," అన్నాడు లక్ష్మీరాజం. "కడుపుల మెతుకు లేదు. సచ్చిపోతడు."

"ఇంకా ఫోన్ నంబర్ ఉన్నది. పొయ్యి."

"గట్లయితె వోడ్కా పోస్త. గొంతు మండది."

అటు తిరిగి, సీసా చాటున కూజాలోని నీళ్లు గ్లాసులో వంపి ఇచ్చాడు. కొమురెల్లి గటగటా తాగబోయేలోగా హరీశ్ చెయ్యి చాచి గ్లాసు గుంజుకున్నాడు. నాలుక మీద వేసుకుని చూశాడు.

"బావా, గివి నీళ్లు."

 జలపతి కౌంటర్ చుట్టి వచ్చి లక్ష్మీరాజం చెంప మీద చాచి కొట్టాడు. అతని తల వెనక అద్దానికి తగిలి అద్దం పగిలింది. తర్వాత జలపతి అరలోంచి నిండు విస్కీ సీసా తీసి మూత ఊడదీశాడు. కొమురెల్లి జుట్టు పట్టి తల వెనక్కి వంచి, సీసా మూతి నోట్లో కుక్కాడు. పన్ను విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. విస్కీ, నెత్తురు కలిసి గడ్డం మీద కారాయి. కొమురెల్లి కాళ్లు కొట్టుకుంటున్నాయి. హరీశ్ అతని చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నాడు. ఒక్క పెద్దమనిషీ కుర్చీలోంచి లేవలేదు. ఆఫీసరు మాత్రం, "అరె, సాలు, సాలు" అన్నాడు కూర్చునే.

లక్ష్మీరాజం చేతికి అందింది రమ్ సీసా. మెడ పట్టుకుని, బలమంతా పెట్టి జలపతి దవడ మీద కొట్టాడు. సీసా పగలలేదు, దవడ పగిలింది. జలపతి పక్కకు ఒరిగి వైన్ అర మీద పడ్డాడు. పండబెట్టిన సీసాలన్నీ జారి నేల మీద బద్దలయ్యాయి. హరీశ్ కొమురెల్లిని వదిలి, పగిలిన సీసా మెడ ఒకటి తీసుకుని లక్ష్మీరాజం మీదికి వచ్చాడు. పొట్టలో దిగాల్సింది, అతను చెయ్యి అడ్డం పెడితే అరచేతిలో దిగింది. లోపల ఏదో తీగ తెగినట్టు మూడు వేళ్లు వాలిపోయాయి. లక్ష్మీరాజం రెండో చేత్తో హరీశ్ మెడ పట్టుకుని కౌంటర్ అంచుకు రెండుసార్లు మోదాడు. మూడోసారి మోదకముందే వాడు చేతుల్లో వదులయ్యాడు. పెద్దమనుషులు ఒకరినొకరు తోసుకుంటూ మెట్లు దిగిపోయారు. తడి గాజు మీద జారిపడి వాళ్లలో ఒకడు మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

కొమురెల్లి వెల్లకిలా పడి ఉన్నాడు. గొంతులో గురగురమంటోంది. లక్ష్మీరాజం అతన్ని పక్కకు తిప్పి, నోట్లో వేలు పెట్టి వాంతి తోడాడు. చేతికి తువ్వాలు చుట్టుకుని, మనిషిని భుజాన వేసుకుని దిగాడు. వంటవాళ్లు ఆటో పిలిచారు. కోరుట్ల నుంచి జగిత్యాల, అక్కణ్ణుంచి కరీంనగర్. దారి పొడుగునా కొమురెల్లి ఏదో అనబోతున్నాడు, మాట మాత్రం రావడం లేదు. మూడోనాడు పొద్దున చచ్చిపోయాడు. ఊపిరితిత్తుల్లోకి వాంతి పోయిందన్నారు డాక్టర్లు.

పెద్దమనుషులందరూ పోలీసులకు ఒకటే చెప్పారు: ఆ మనిషి తాగే వచ్చాడు, తాగిన గౌడ్ సీసాలతో అందర్నీ కొట్టాడు. ఆఫీసరు తాను వైన్ తాగుతూ కిటికీ వైపు చూస్తున్నానన్నాడు. లక్ష్మీరాజం జరిగింది జరిగినట్టు చెప్పాడు. రాసుకుంటున్న పోలీసాయన పెన్ను ఆపాడు.

"నువ్వు పోసినవన్న ముచ్చట ఎందుకయ్యా? అద్దంటె రాయను. సాక్షివి గావొచ్చు."

"రాయుండ్రి సార్. నాలుగు గ్లాసులు పోసింది నేను. అయిదోది నీళ్లు. నాలుగోటికి ముందే ఆపాల్సింది."

అలా కేసులో జలపతి, హరీశ్‌ల తర్వాత మూడో ముద్దాయి అయ్యాడు. వాళ్లిద్దరికీ నెలలో బెయిలు వచ్చింది. అతనికి వచ్చేసరికి మూడు నెలలు పట్టింది.

శాంత జైలుకు మొదటిసారి చూడవచ్చిన రోజే ఆమె చేత రాయించాడు: హాయిల్, సుల్తాన్ బిన్ రాకాన్, తూర్పు రోడ్డు పెట్రోలు పంపు, దాణా దుకాణం. పంతొమ్మిదేళ్లు పది టేబుళ్ల ఆర్డర్లు కాగితం లేకుండా గుర్తుపెట్టుకున్న మనిషి, ఆ నాలుగు ముక్కలు మరిచే అవకాశం లేదు.

"గా జలపతి గది నిజమే చెప్పిండంటవా?" అంది శాంత.

"డైరీ చూసి చెప్పిండు. అబద్ధమైతె డైరీ ఎందుకు?"

శాంత బుగ్గారంలో గల్ఫ్ మనుషులున్న ప్రతి ఇంటికీ పోయింది. హాయిల్ వైపు లారీ నడిపే ఒకతను దొరికాడు. అతను దాణా దుకాణం పట్టుకున్నాడు. ఎంబసీకి ఉత్తరాలు పోయాయి. ఐదు నెలలకు మహేశ్ హైదరాబాద్‌లో విమానం దిగాడు.

దిగిన పదో రోజు బుగ్గారం వచ్చాడు. ఇరవై ఆరేళ్ల వాడు, నలభై ఏళ్లవాడిలా ఉన్నాడు. మెడ మీద పైపు వాతలు నల్లగా ఉన్నాయి. లక్ష్మీరాజం అరుగు మీద కూర్చుని ఎడమచేత్తో బీడీ వెలిగించుకుంటున్నాడు.

"మా అన్నకు పోసింది నువ్వేనా?"

"నేనే."

మహేశ్ అతని రొమ్ము మీద తన్నాడు. పడితే, మీద కూర్చుని ముఖం మీద గుద్దాడు. పెదవి చిట్లింది, పాత కనుబొమ్మ మచ్చ మళ్లీ తెరుచుకుంది. లక్ష్మీరాజం చేతులు ఎత్తలేదు. శాంత పరుగెత్తుకొచ్చి మహేశ్ చొక్కా పట్టి గుంజింది.

"గాయిన చెయ్యి చూడు కొడుకా. గా చెయ్యి ఎవనికోసం పోయిందో చూడు."

"నువ్వు ఊకో శాంతా," అన్నాడు లక్ష్మీరాజం కిందినుంచే. "కొట్టనియ్యి."

ఆ మాటకు మహేశ్ పిడికిలి సడలింది. లేచి, గోడకు చేరగిలబడి కూర్చున్నాడు.

"మా అన్న ఆఖరికేమన్నడు?"

"నీ కఫీల్ పేరు. తప్పు పోకుంట మల్ల మల్ల అనుకుండు. నోట్లె సీస పెట్టేదాక గదే అనుకుండు."

మహేశ్ మోకాళ్లలో ముఖం పెట్టుకున్నాడు. శాంత చెంబుతో నీళ్లు తెచ్చి ఇద్దరి మధ్య పెట్టింది. ముందు ఎవరూ ముట్టలేదు.

"జగిత్యాల కోర్టుల పేషీ ఎన్నడు?" అన్నాడు మహేశ్.

"మంగళారం."

"ఆ పెద్దమనుషులంత అస్తరా?"

"అస్తరు. మల్ల గదే చెప్తరు."

"నువ్వు?"

"నేను పోలీసులకు చెప్పిందే చెప్త. నాకు శిక్ష పడినా గదే చెప్త."

మహేశ్ చెంబెత్తి నీళ్లు తాగాడు. మంగళవారం పొద్దున ఏడింటి బస్సుకు జగిత్యాలలో దిగుతానని, కోర్టు గేటు దగ్గర నిలబడి ఉంటానని చెప్పి వెళ్లిపోయాడు.