ఇరవై నాలుగు గంటల పరీక్ష

రెబెక్కకు ఒళ్లు మండిపోతోంది. వికారాబాద్ నుంచి తాండూరు దాకా ఆ కంప్యూటర్ పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది గానీ, కారు నడుపుతున్న చంద్రకాంత్‌తో ఒక్క మాట మాట్లాడలేదు. నోరు తెరిస్తే తిట్లే వస్తాయని ఆమెకు తెలుసు.

చెప్పుల డబ్బా కంటే కాస్త పెద్దది, అంతే. ఆ ఇరుకులోనే కంప్యూటరంతా ఇమిడ్చి, వేడెక్కే భాగాలను చల్లబరిచేందుకు వాటి మీదుగా నీళ్లు తిరిగేలా ట్యూబులు వంచి, జాయింట్లు బిగించి, పదిహేను రోజులు కళ్లలో వత్తులేసుకుని కట్టింది. తాండూరులో చంద్రకాంత్ తెరుస్తున్న బండల షోరూం కోసం అది. ఏ బండ పరిస్తే ఇల్లు ఎలా ఉంటుందో గిరాకీలకు తెర మీద చూపించాలట. వికారాబాద్‌లో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం పెట్టి మూడేళ్లయినా ఇలాంటి పని ఆమెకిదే మొదటిది. ఇది నిలబడితే ఆమె పేరు నిలబడుతుంది. కాలిపోతే దుకాణం బోర్డు దించుకోవలసిందే.

అందుకే మొదట్లోనే చెప్పింది. నీళ్లు నింపాక ఒక రోజంతా పంపు ఒక్కటే తిప్పాలి, మిగతా వాటికి కరెంటు ఇవ్వకూడదు, ఎక్కడా చెమ్మ లేదని తేలాకే ఆన్ చేయాలి. సరేనన్న పెద్దమనిషి, ముహూర్తం రెండు రోజులు ముందుకు జరిగిందంటూ ఈ పొద్దున దుకాణంలో దిగబడ్డాడు. నిన్న సాయంత్రమే నీళ్లు పోశానని ఆమె మొత్తుకుంది. అతను నవ్వాడు. వాళ్ల ఫ్యాక్టరీలో కోత మిషన్ల మీద పొద్దస్తమానం నీళ్లు పడుతూనే ఉంటాయట, ఒక్క మోటారూ కాలలేదట! బండ కోసే రంపానికీ దీనికీ పోలికేంటని తల బాదుకున్నా వినలేదు. పెట్టె తీసుకెళ్లి కార్లో పెట్టాడు. ఇక ఆమెకూ ఎక్కక తప్పలేదు.

సిమెంటు లారీలు గుల్ల చేసిన రోడ్డు మీద కారు ఎగిరిన ప్రతిసారీ, ఏ జాయింటు వదులైందోనని ఆమె ప్రాణం గిలగిల్లాడింది.

షోరూం నిండా చుట్టాలు, ఊదువత్తుల పొగ. సాయంత్రం దాకానైనా పంపు తిప్పనివ్వమని బతిమాలింది. చంద్రకాంత్ తల్లి సుమిత్రమ్మ అడ్డం వచ్చి, చర్చికి పోయేవాళ్లకు ముహూర్తం విలువేం తెలుస్తుందిలే అంది. రెబెక్క పళ్లు నూరుకుంది. సరిగ్గా పదీ ఇరవైకి చంద్రకాంత్ స్విచ్ నొక్కేశాడు. తెర వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

రెబెక్క తెర వైపు చూడలేదు. పెట్టె అద్దంలోంచి, గ్రాఫిక్స్ కార్డు పైనున్న జాయింటు దగ్గర ఊరుతున్న నీటి చుక్కను చూసింది. గబుక్కున వంగి వైరు పీకేసింది.

తెర ఆరిపోయింది. పంతులు మంత్రం ఆపాడు. అపశకునమని సుమిత్రమ్మ నెత్తి కొట్టుకుంది. రెబెక్క అద్దం విప్పి, ఆ జాయింటుకు టిష్యూ కాగితం అద్ది, తడిసిన ముక్కను అందరి ముందూ పట్టింది. ఒక్కరూ దాని వైపు చూడలేదు.

"నలుగుర్ల ఇజ్జత్ తీసినవ్," అన్నాడు చంద్రకాంత్. "తీస్కపో దీన్ని. హైదరాబాద్‌ల చేయించుకుంట. నీ పని గిట్లుంటదని తాండూరంత చెప్త."

రెబెక్క పెట్టెను రెండు చేతులా ఎత్తుకుంది.

"చెప్పుండ్రి అన్నా. జాయింటు నేనే బిగించిన, కారింది నా తప్పే. వద్దంటే వినకుంట మీరు ఆన్ చేసిన్రని గూడ చెప్పుండ్రి. నిండు పూజల వైరు పీకింది రెబెక్క అని పేరు పెట్టి చెప్పుండ్రి. రేపు ఇంకోళ్ల పూజల గిట్లనే కారితే, గక్కడ గూడ పీకుత."