వెనక గేటు బొమ్మకి నాలుగు సంతకాలు

సత్యవతి బొమ్మలు బాగా వేస్తుందని ఢిల్లీ మయూర్ విహార్‌లో వాళ్ళ అపార్ట్‌మెంట్ల సొసైటీ అంతా ఒప్పుకుంటుంది. వాటిని చూడాల్సి రావడమే జనానికి కష్టంగా ఉంది. బొమ్మంటే కొండ ఉండాలి, కొండకింద కొలనుండాలి, కొలనులో రెండు హంసలైనా తిరగాలి. ఈవిడ వేసేవి ఏమిటయ్యా అంటే బి బ్లాకు గోడకి దిగిన చెమ్మ, మెట్రో స్టేషను కింద ఈ-రిక్షాల కుమ్ములాట, పాల బూత్ ముందు మంకీ క్యాపుల వరస. వేసి ఊరుకుంటుందా, ఊరుకోదు. ప్రతి ఆదివారం పొద్దున్నే సొసైటీ వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. గుడ్ మార్నింగ్ గులాబీల మధ్యకి ఆ చెమ్మగోడ వచ్చి కూర్చుంటే చూసేవాళ్ళకి కాఫీ చేదెక్కుతుంది.

ఒకసారి పార్కింగు బొమ్మ పెట్టింది. అందులో ఎవరి కారు ఎవరి జాగాలో ఉందో స్పష్టంగా కనబడింది. రెండు కుటుంబాలు మూడు రోజులు కొట్టుకున్నాయి. అప్పటినుంచి బొమ్మల్లో నంబరు ప్లేట్లు కనబడకూడదని గ్రూపులో రూలు పెట్టారు. ఆ రూలు చదివి సత్యవతి మురిసిపోయింది. కేంద్ర ప్రభుత్వంలో ముప్ఫయ్యొక్క ఏళ్ళు చేసి సెక్షన్ ఆఫీసరుగా రిటైరైంది గానీ, తను రాసిన ఏ కాగితమూ ఎవరినీ అంతగా కదిలించిన పాపాన పోలేదు.

ఆ ఉద్యోగం సంగతి కొంచెం చెప్పుకోవాలి. సెక్షన్ ఆఫీసరు రాసిన ముసాయిదా పైకి వెళ్తుంది. పైనున్నాయన ఒక మాట కొట్టేస్తాడు. ఆ పైనున్నాయన రెండు వాక్యాలు కలుపుతాడు. ఇంకా పైనున్నాయన ఆ కొట్టేసిన మాటే మళ్ళీ పెట్టి, గొప్ప సవరణ చేశానని కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు. తిరిగొచ్చేసరికి దాన్ని కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు. సత్యవతి ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. ఎస్ సర్ అని ఫెయిర్ కాపీ తీసి ఇచ్చేది. రిటైరయ్యాక రంగులు కొనుక్కున్నది అందుకే. తను పెట్టింది పెట్టినట్టు ఉండే కాగితం ఒక్కటైనా ఈ జన్మలో ఉండాలనిపించింది.

ఉండనిస్తే కదా! ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళంతా కలిసి ఏటా కమ్యూనిటీ హాల్లో ఒక చిత్రకళా ప్రదర్శన పెడతారు. పదిమంది బొమ్మలు పెడతారు, రెండొందలమంది సమోసాలకి వస్తారు. ఏ బొమ్మ పెట్టాలో తేల్చడానికి ఒక ఎంపిక కమిటీ ఉంది. నలుగురు సభ్యులు. నలుగురూ రిటైరైన సర్కారు మనుషులే. అధ్యక్షుడు రాధాకృష్ణమూర్తి గారు జాయింట్ సెక్రటరీగా దిగిపోయారు. దిగిపోయారని మనం అనుకోవాలి గానీ ఆయనకింకా ఆ కబురు అందలేదు.

మొదటి ఏడాది సత్యవతి బొమ్మలో కరెంటు తీగలు తీసెయ్యమన్నారు. తీసేసింది. రెండో ఏడాది చెత్తకుండీ తీసేసి ఆ చోట తామరకొలను పెట్టమన్నారు. పెట్టింది. ప్రదర్శన రోజున జనం ఆ కొలను ముందు వరసకట్టి సెల్ఫీలు దిగారు. "ఏం వేశారండీ! అచ్చం మన పేటే!" అన్నారు. మయూర్ విహార్‌లో తామరకొలనేమిటి, దోమల మందు కొట్టేవాడు వింటే నవ్విపోతాడు. సత్యవతికి ఆ బొమ్మ దగ్గరికి వెళ్ళబుద్ధి కాలేదు. సాయంత్రమంతా సమోసాల బల్ల వెనక సిగ్గుతో నిలబడింది.

అందుకే ఈ ఏడు ఒట్టు పెట్టుకుంది. అయిదో అంతస్తులో తన బాల్కనీలో కూర్చుంటే సొసైటీ వెనక గేటు కనబడుతుంది. ఆ గేటు పక్కన చెత్తకుండీ, దాన్ని కాపలా కాసే రెండు కుక్కలు, ట్రాన్స్‌ఫార్మరు, చక్రాలు లేని స్కూటరు, వేపచెట్టు కింద ఇస్త్రీ బల్ల, దాని వెనక ఇస్త్రీ చేస్తూ ఫూల్‌మతి. పంతొమ్మిదేళ్ళుగా ఆ సొసైటీ బట్టలన్నీ ఫూల్‌మతి చేతిలోనే చదునవుతున్నాయి. సత్యవతి మూడు వారాలు కూర్చుని నీటిరంగులతో ఇదంతా వేసింది. కుక్కలు గోక్కునే తీరుతో సహా వదల్లేదు.

"ఇది ఇలాగే వెళ్తుంది. ఒక్క ఈగ ఎగరగొట్టమన్నా సరే, ఇక కుంచె ముట్టను," అని కూతురు భావనతో తెగేసి చెప్పింది.

"మమ్మీ, చిల్. పెయింటింగ్ హీ తో హై," ఉత్త బొమ్మే కదా అన్నట్టు అంది భావన, లాప్‌టాప్ లోంచి తల ఎత్తకుండా.

"అదే కదే నాకున్నది," అంది సత్యవతి. భావన అప్పుడు తల ఎత్తింది.

కమిటీ ఒకచోట కూర్చోవడం ఆ ఏడు కుదర్లేదు. ఒకరికి మోకాళ్ళు, ఒకరికి మనవడి పరీక్షలు, ఇంకొకరు ఘాజియాబాద్‌లో చెల్లెలింట్లో ఉన్నారు. కాబట్టి బొమ్మనే ఇంటింటికీ తిప్పుదామన్నారు. సత్యవతి దాన్ని పాత కర్టెన్‌లో చుట్టి పంపింది. నీటిరంగుల బొమ్మకి నాలుగు వైపులా తెల్ల అంచు వదులుతారు, తర్వాత ఫ్రేములోకి వెళ్ళడానికి. ఇందులో ఎడమవైపు అంచు రెండంగుళాలు ఉంది. అక్కడే కొంప మునిగింది. నలభయ్యేళ్ళు ఫైళ్ళు చూసినవాళ్ళ ముందు ఎడమవైపు తెల్ల మార్జినున్న కాగితం పెట్టడమంటే పిల్లి ముందు పాలగిన్నె పెట్టడమే.

పది రోజులకి, ప్రదర్శన ఇంక రెండు రోజులుందనగా, బొమ్మ తిరిగొచ్చింది. సత్యవతి కర్టెన్ విప్పి చూసింది. మార్జిన్ నిండా నోటింగు! అంతా ఆఫీసు ఇంగ్లీషు. తెలుగులో చెప్పుకుంటే ఇదీ వరస.

ఒకటి, పోస్టల్ శాఖ మాణిక్యాంబ గారు, నీలి సిరా: "చూశాను. చెత్తకుండీ అవసరమా? కుక్కల విషయం పునఃపరిశీలించవచ్చు." సంతకం, తేదీ.

రెండు, సైన్యంలో పనిచేసి ప్రస్తుతం సొసైటీ సెక్రటరీగా వెలుగుతున్న జనార్దనరావు గారు, నల్ల సిరా: "ఇస్త్రీ బల్ల అనధికార ఆక్రమణ. బొమ్మలో చూపితే సొసైటీ అంగీకరించినట్టవుతుంది. తొలగించాలి." సంతకం, తేదీ, దానికింద ఆయన హోదా.

మూడు, డిప్యూటీ సెక్రటరీగా చేసిన జయచంద్ర గారు: "పై రెండు అభిప్రాయాలతోనూ ఏకీభవిస్తున్నాను." ఆయన సర్వీసంతా చేసింది ఏకీభవించడమే.

నాలుగోది పచ్చ సిరా. సర్కారులో జాయింట్ సెక్రటరీ అయితే గానీ పచ్చ సిరా వాడే యోగం పట్టదు. పట్టినవాళ్ళు పాల చీటీ కూడా దాంతోనే రాస్తారు. మార్జిన్‌లో అప్పటికే చోటు అయిపోయింది కాబట్టి రాధాకృష్ణమూర్తి గారు ఆకాశంలోకి వెళ్ళారు. ట్రాన్స్‌ఫార్మరు పైన, సత్యవతి నాలుగు రోజులు కష్టపడి పట్టుకున్న ఢిల్లీ బూడిద ఆకాశం మీద, ఏటవాలుగా రెండే మాటలు: "ప్లీజ్ స్పీక్."

సత్యవతికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే గట్టిగా ఒక తిట్టు తిట్టింది, పుట్టింటి తెనాలి తిట్టు, ఇక్కడ రాయడానికి వీల్లేనిది. తెలుగు అర్థం కాదని బుకాయించే భావనకి కూడా అది అర్థమైంది.

"మళ్ళీ వేసేయ్ మమ్మీ," అంది మెల్లగా.

"మూడు వారాల బొమ్మ రెండు రోజుల్లో ఎలా అవుతుందే," అంది సత్యవతి. చీర కొంగుతో మొహం తుడుచుకుని, బొమ్మ చంకన పెట్టుకుని బయల్దేరింది. మాట్లాడమన్నాడు కదా, మాట్లాడదాం అనుకుంది.

రాధాకృష్ణమూర్తి గారు ఆవిణ్ణి కూర్చోబెట్టి అరగంట మాట్లాడారు. ఆవిడకి నోరు తెరిచే సందివ్వలేదు. కేబినెట్ నోటు రాసినప్పుడు తన కామా ఒకటి ఎంత ప్రశంస పొందిందో చెప్పారు. చివరికి విషయానికొచ్చారు.

"చూడండమ్మా, ఆ చెత్తా, ఆ బల్లా... ఎందుకొచ్చిన గొడవ. పోయినేటి కొలను ఎంత బాగుంది! దాన్నే మళ్ళీ పెట్టేద్దాం."

"బొమ్మ మీదే రాసేశారేంటి సార్?" అంది సత్యవతి.

"మార్జిన్ వదిలారు కదమ్మా," అన్నారాయన, నిజంగానే అర్థం కాక.

ఆ మొహం చూస్తే సత్యవతికి ఒక్కసారి అంతా తేటతెల్లమైంది. ఈయనకి బొమ్మ కనబడలేదు. నలుగురిలో ఎవరికీ కనబడలేదు. వాళ్ళకి కనబడింది ఫైలు. ఫైలే అయితే, ఈ ఢిల్లీలో దాన్ని తనకన్నా బాగా ఎరిగినవాళ్ళెవరు?

"ఠీక్ హై సార్. మరి చర్చ రికార్డు చెయ్యాలి కదండీ," అంది వినయంగా.

"అచ్ఛా, అచ్ఛా. రికార్డు లేకపోతే ఎలా!" ఆయన ముఖం వెలిగిపోయింది.

సత్యవతి పెన్ను తీసి కింది అంచున గుండ్రటి అక్షరాల్తో రాసింది: "అధ్యక్షుల వారితో చర్చించాను. వారి ఆదేశం మేరకు చిత్రాన్ని ఉన్నదున్నట్టు ప్రదర్శించవచ్చు. సంతకానికి." కాగితం ఆయన వైపు తిప్పి, సంతకం పెట్టాల్సిన చోట వేలు పెట్టింది. పెట్టి, "ఆ కామా సంగతి మధ్యలో ఆపేశారు సార్," అంది.

ఆయన కామా గురించి చెబుతూనే పచ్చ సంతకం గీకి తేదీ వేశారు. చదవలేదు. పెద్ద ఆఫీసర్లు చదవరు, వేలు ఎక్కడుంటే అక్కడ పెడతారు. ముప్ఫయ్యొక్క ఏళ్ళలో సత్యవతి ఫైలు మీద ఒక్క అబద్ధం రాయలేదు. ఇది మొదటిది, పచ్చి అబద్ధం. ఇంటికొస్తూ దారిలో పశ్చాత్తాపం కోసం వెతుక్కుంది గానీ ఎక్కడా తగల్లేదు.

ఫ్రేము వేసేటప్పుడు మార్జిన్ కప్పెయ్యమంటారా అని షాపతను అడిగాడు. వద్దంది. వాళ్ళు రాసిందీ ఉన్నదే, అదీ ఉండాల్సిందే అనుకుంది.

ఆదివారం హాల్లో తక్కిన బొమ్మల ముందు ఎవరూ లేరు. హిమాలయాలు, హంసలు, చేపకళ్ళ రాధలు ఒంటరిగా ఉన్నారు. జనమంతా వెనక గేటు దగ్గరే. ముందువరసవాళ్ళు మార్జిన్ చదివి వెనకవాళ్ళకి చెబుతున్నారు, వెనకనుంచి నవ్వులు వస్తున్నాయి. జయచంద్ర గారి 'ఏకీభవిస్తున్నాను' దగ్గర ఒక ముసలాయనకి పొలమారింది. రాధాకృష్ణమూర్తి గారు జనాన్ని తోసుకుంటూ వచ్చి కింది అంచు చదివారు.

"నేనెప్పుడు ఆదేశించానమ్మా?"

"సంతకం మీదే కదండీ," అంది సత్యవతి.

సంతకం ఆయనదే. సొంత సంతకాన్ని కాదనడం ఆయన వంశంలో లేదు. వెనక్కి తిరిగి సమోసాల వైపు వెళ్ళిపోయారు. సత్యవతికి కడుపు నిండిపోయింది. గెలిచాను, ఉన్నదున్నట్టు పెట్టాను అనుకుని తల ఎత్తుకుని నిలబడింది.

అప్పుడొచ్చింది ఫూల్‌మతి. సత్యవతే పిలిచింది, నీ బొమ్మ ఉంది రమ్మని. గంజిపెట్టి ఇస్త్రీ చేసిన గులాబీరంగు చీర కట్టుకుని వచ్చింది. ఆ హాల్లో ముడతలేని బట్ట అదొక్కటే. జనం దారి ఇచ్చారు.

"దీదీ, నా చుట్టూ ఇంగ్లీషులో ఏం రాశారు?" అని హిందీలో అడిగింది.

సత్యవతి దగ్గర మెత్తటి జవాబులు చాలా ఉన్నాయి. జీవితమంతా మెత్తబరిచే మాటలే రాసింది. కానీ ఈ ఒక్క రోజుకి వద్దనుకుంది. మొదటినుంచి చివరిదాకా హిందీలోకి మార్చి, పేర్లతో సహా, హాలంతా వినేలా చదివింది. అనధికార ఆక్రమణ అన్నచోట గొంతు తగ్గించలేదు. జనార్దనరావు గారు తలెత్తి ఫ్యాను రెక్కలు లెక్కపెట్టసాగారు. ఆయన వేసుకున్న చొక్కా నిన్న సాయంత్రం ఆ అనధికార బల్ల మీదే ఇస్త్రీ అయింది.

ఫూల్‌మతి బొమ్మకి దగ్గరగా జరిగి, ముక్కు అద్దానికి తగిలేదాకా వంగి, తనని తాను చూసుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత నవ్వు ఆపుకుంటూ వెనక్కి తిరిగింది.

"దీదీ, ఇస్త్రీపెట్టె కుడిచేతిలో పెట్టారేంటి? నాది ఎడమచేతి వాటం."

సత్యవతి బొమ్మ వైపు చూసింది. ఫూల్‌మతి చేతుల వైపు చూసింది. ఎడమ అరచేతిలో పిడి ఒరుసుకుని నల్లగా కాయకట్టి ఉంది. కుడిచెయ్యి నున్నగా ఉంది. పంతొమ్మిదేళ్ళుగా అయిదో అంతస్తు నుంచి తాడుకి బుట్ట కట్టి బట్టలు దించింది, మడతలు పైకి లాక్కుంది. ఆ చేతుల్ని ఒక్కసారీ చూడలేదు. అందరికీ ఉన్నట్టే ఉంటుందనుకుని కుడివైపు పెట్టేసింది. కుక్కలు గోక్కునే తీరు మాత్రం సరిగ్గా పట్టింది. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. పోయినేడు కొలను ముందు పడ్డ సిగ్గు దీని ముందు ఏపాటిది!

అక్కడికక్కడే ఫ్రేము దింపించింది. వెనక అట్ట ఊడదీయించి, పెన్ను ఫూల్‌మతి చేతికిచ్చింది. మిగిలిన కొంచెం జాగాలో ఫూల్‌మతి ఎడమచేత్తో, హిందీలో, తొందర లేకుండా రాసింది: "చెయ్యి తప్పు." కింద పేరు పెట్టింది. ఆ పక్కన సత్యవతి రాసింది: "ఒప్పుకుంటున్నాను." రాసి, సర్వీసులో ఎన్నడూ లేనిది, తన పేరు పూర్తిగా పెట్టింది.

"మళ్ళీ వేస్తాను ఫూల్‌మతీ. ఈసారి సరిగ్గా వేస్తాను," అంది. కళ్ళు తడయ్యాయి.

"వెయ్యండి. కానీ రేపు కిందికి రండి దీదీ," అంది ఫూల్‌మతి. "ఆ పైనుంచి మీకు నా నడినెత్తి తప్ప ఏం కనబడుతుంది?"

సోమవారం పొద్దున్నే సత్యవతి మడతకుర్చీ చంకన పెట్టుకుని వెనక గేటు దగ్గరికి దిగింది.