వాడికేమీ కాలేదు

కాలరు తిరగేసి, నీళ్ళు చిలకరించి, పెద్దోడు ఇస్త్రీపెట్టె ఆనించాడు. బొగ్గుల వేడికి తడి చుయ్యిమంది. ముందు కాలరు, తర్వాత భుజాలు, చేతులు, చివర వీపు. ముప్పై ఏళ్ళుగా అదే వరస. బరువు లాగి లాగి కుడి భుజం ఎడమదానికంటే కిందికి దిగిపోయింది. చూపుడువేలి కొస కాలి కాలి నున్నబడింది, దానిమీద గీతలు కూడా లేవు.

లాండ్రీలో పనికి పోకముందే రోజూ ఇంట్లో ఈ ఒక్క చొక్కా అయిపోవాలి. తమ్ముడిది. దానికి గుండీలుండవు, తాళ్ళుంటాయి. గుండీలు తన మాటలు వింటాయని తమ్ముడి భయం. తాళ్ళు అమ్మ కుట్టింది. పెద్దోడి చొక్కాకి రెండు గుండీలు ఊడి ఏడాదైంది. వాటి ఊసెత్తినవాళ్ళు లేరు.

"అయిందా? చిన్నోడికి చలేస్తోంది," లోపల్నుంచి అమ్మ కేకేసింది.

"వేడివేడిగానే ఇస్తున్నాలే, తొడుగు."

ఇద్దరూ కవలలు. పెద్దోడు అరగంట ముందు పుట్టాడు. యాభై మూడేళ్ళు వచ్చినా అదే ముక్కు, అదే బట్టతల, నవ్వొచ్చినా ఏడుపొచ్చినా ఎడమపక్కకి వంకరపోయే అదే మూతి.

ఆ పూట చిన్నోడికి మందులిచ్చే ఆసుపత్రికి, కవలల్ని కలిపి పరీక్షించాలని ఇద్దర్నీ రమ్మన్నారు. దారంతా అమ్మ చిన్నోడి చెయ్యి వదల్లేదు. పెద్దోడు సంచీ మోస్తూ వెనకాల నడిచాడు.

డాక్టరమ్మ ఇద్దరికీ రక్తం తీయించింది. "ఒకే రూపు కవలల్లో ఒకరికి ఈ మతిజబ్బు, స్కిజోఫ్రీనియా, వస్తే రెండోవారికి వచ్చితీరాలని లేదమ్మా," అంది. "పుట్టుకతో వచ్చేది కొంత, బతుకులో తగిలేది కొంత. అందుకే అడుగుతున్నా. చిన్నాడికి ఏం జరిగింది?"

అమ్మ అన్నీ సిద్ధంగా ఉంచుకున్నట్టే చెప్పింది. చిన్నోడు నీలంగా పుట్టాడు, ఎంతకీ ఏడవలేదు. పన్నెండో ఏట మేనమామ తన రంగుల కార్ఖానాలో పనికని దూరపు ఊరు తీసుకుపోయాడు. చీకటి పడితే గోదాములో పెట్టి తాళం వేసేవాడట. గంజాయి అక్కడే అలవాటైంది. ఏడేళ్ళకి తిరిగొచ్చేసరికి గోడలతో మాట్లాడుతున్నాడు.

"మరి పెద్దాడికి?"

"వాడికేమీ కాలేదు డాక్టరమ్మా."

పెద్దోడి చెవులు వేడెక్కాయి. యాభై మూడేళ్ళ బతుకు ఒక్క ముక్కలో తేలిపోయింది.

"అయింది," అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "మామయ్య తీసుకెళ్ళాల్సింది నన్ను. ఆ పొద్దున చంకలో ఉల్లిపాయ పెట్టుకుని జ్వరమని పడుకున్నా. వీడు పోతే అమ్మ నాకొక్కడికే ఉంటుందని."

అమ్మ ఏడేళ్ళూ అతనికొక్కడికే ఉంది. ఏడేళ్ళూ, చిన్నోడు తిన్నాడో లేదో అంటూనే ఉంది. ఆ సంగతి మాత్రం నోటికి రాలేదు.

చిన్నోడు కిసుక్కున నవ్వాడు. "నాకు తెలుసు అన్నయ్యా. ఒకే పక్కమీద పడుకున్నాం, ఆ కంపు నాకు రాదా? రైలెక్కాలని నాకే ఉబలాటం. అందుకే నోరు మూసుకున్నా."

"నా తండ్రే!" అమ్మ చిన్నోడి తల నిమిరింది.

జన్మకల్లా చేసిన ఒక్క తప్పు. దాన్ని కూడా తమ్ముడే ఎత్తుకుపోయాడు.

"ఆ ఒక్కదానివల్లే ఈ జబ్బు వచ్చిందనుకోకండి," డాక్టరమ్మ పెద్దోడితో అంది. "ఏది ఎంతో ఎవరం చెప్పలేం." ఓదార్పుగానే అంది. పెద్దోడికి అదీ గిట్టలేదు.

మధ్యాహ్నం లాండ్రీలో అతను ఒక చొక్కా మాడ్చాడు. షాపాయన దాన్ని ఎత్తి వెలుగులో చూశాడు. "ఏం గురూ, దీనికి వాతపెట్టావా? ఏం పాపం చేసింది?" పెద్దోడు ఇంకోటి తీసి కాలరు తిరగేశాడు.

నాలుగింటికి పక్కింటావిడ రొప్పుతూ వచ్చింది. చిన్నోడు భోంచేసి, కుర్చీలో కూచుని, తల వాల్చి, అలాగే ఉండిపోయాడట. గుండె ఆగిందన్నారు.

పెద్దోడు వెళ్ళేసరికి అమ్మ చిన్నోడి పాదాలు ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూచుని ఉంది. ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఇంక ఇంట్లో ఇద్దరే. ఆ మాట అనుకున్నందుకు సిగ్గేసింది గానీ, అనుకోకుండా ఉండలేకపోయాడు.

"అమ్మా," అన్నాడు.

ఆమె తలెత్తింది. అతని మూతి అప్పటికే ఎడమపక్కకి వంకరపోతోంది. ఆమె చటుక్కున కళ్ళకి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అవతలికి పోరా నాయనా. వాడి మొహం వేసుకుని నా ఎదటికి రాకు."

పెద్దోడు లేచి తమ్ముడి గదిలోకి వెళ్ళాడు. పక్క ఇంకా నలిగే ఉంది. దుప్పటి ముడతలు అరచేత్తో సాపు చేశాడు, ఆ కొసనుంచి ఈ కొసదాకా. తర్వాత చెయ్యడానికేం కనపడక నిలబడ్డాడు. కిటికీ గట్టుమీద చిన్న రేడియో ఉంది. మాటలు బయటికి రాకుండా చిన్నోడు దాని నోటినిండా దూది కుక్కాడు. ఆ దూది వెనకాల ఎవరో నవ్వుతూ ఏదో చెబుతూనే ఉన్నారు, దాని ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.