గీతను కాచిన బడి

వెలగలపాడు ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయిని భ్రమరాంబగారు ప్రతి ఉదయం ప్రార్థన గంటకు ముందే గేటు బయటికి వచ్చి, పసుపుపచ్చ గీత ఆనాడు ఎక్కడ ఉన్నదో చూచుకొనేవారు. వాకిట నీళ్లు చల్లుకోవడం వలె అదీ ఆమెకు నిత్యకృత్యమైపోయింది. గీత సైకిలు షాపు దగ్గరే ఉంటే ఆమె మనసు కుదుటపడేది. టైలరు కొట్టు దాటి ఇటు వచ్చిందంటే మాత్రం, ఆ పూట ఆమె ఎదుట పడడానికి తోటి ఉపాధ్యాయులు జంకేవారు.

ఆ గీతను గీయించినది ఆమే. బడికి వంద గజాల లోపల పొగాకు అమ్మరాదని చట్టం చెబుతున్నది గనుక, ఎస్సై గురవయ్య సమక్షంలో టేపు పట్టించి, సైకిలు షాపు ఎదుట రోడ్డుకు అడ్డంగా రంగు వేయించారు. రంగు ఆరిన మరునాటి నుంచే గీత నడక మొదలుపెట్టింది. ఎవరైనా చూసీ చూడనట్టు పోయిన రోజున అది బడివైపు మరికాస్త జరిగేది. "నిన్న టైలరు కాడుంది, ఇయ్యాల ఇస్త్రీ బండి దాకా వచ్చిందే!" అని, సాగరు కాలవలో నీటిమట్టం చెప్పుకున్నట్టు జనం చెప్పుకొనేవారు, అంతకుమించి ఎవరూ పట్టించుకొనేవారు కారు.

గీత వెనుకనే సింగరయ్య బంకు. సిగరెట్లు, బీడీలు, తోరణాల్లా వేలాడే ఖైనీ పొట్లాలు అన్నీ దానిలోనే. నాలుగు చక్రాల ఆ బంకును, గీత ఎంత జరిగితే అంత ముందుకు తోసుకొని వచ్చి, బెత్తెడు అవతల చక్రాల కింద రాళ్లు పెట్టి నిలుపుకొనేవాడు.

"సింగరయ్యా, నీకు సిగ్గుందా? ఇది పిల్లలు నడిచే దారి!"

"గీత దాటి ఒక్క చక్రం పెట్టానేమో చూపించండమ్మగారూ. చట్టమంటే నాకూ బయమే. అయినా మనూళ్లో పొగాకు తప్పంటే ఎట్టా? మీరు కూర్చునే గది కట్టించింది బ్యారన్లోళ్లు కాదూ?"

అది అబద్ధం కాదు. ఊరివారిలో చాలామంది పొగాకు రైతులే. ఆకు కాల్చే రోజుల్లో, పచ్చాకును వేడికి పండించే ఆ బ్యారన్ కొట్ల వాసన తరగతి గదుల్లోనికి వచ్చి కూర్చొనేది. ఆమె గది తలుపుమీద దాతగా చెక్కిన పేరు ఒక పొగాకు వ్యాపారిది. అందుకే ఆమెకు కోపం ఇంకా పెరిగేది.

ఒకనాడు స్టేషనుకు వెళ్తే ఎస్సై కుర్చీ వేయించాడు. "గీత పడ్డాక గజాలెక్కడివి మేడమ్? కేసు రాస్తే జడ్జిగారు గీతెక్కడ, బంకెక్కడ అనే అడుగుతారు. బంకు గీతకవతలే ఉందిగా!"

"మళ్లీ కొలవండి. టేపు నేనే తెస్తాను."

"మీది లాంగ్‌జంపు టేపండీ. దానికి తూనికలు కొలతలోళ్ల ముద్ర ఉందా?"

"పిల్లలకు అమ్ముతున్నాడే, దానికి కూడా ముద్ర కావాలా?"

"కొనే ప్రతి పిల్లోడూ 'మా నాయనకే' అంటాడు మేడమ్. నేనేం చెయ్యను?"

ఆ సాయంత్రం ఎస్సై సింగరయ్య ఇచ్చిన టీ తాగుతూ బంకు నీడలో నిలుచున్నాడు. తెల్లవారేసరికి గీత జిరాక్సు కొట్టు ముందుకు వచ్చింది.

భ్రమరాంబగారి ఆరాటమంతా పదో తరగతి దైవకుమార్ కోసం. వాడి తల్లిదండ్రులు బ్యారన్ల వద్ద కూలికి ఆకు కడతారు. చెడుగుడులో వాడు కూతకు వెళితే అవతలి జట్టు గోడకు ఆనుకొనేది. క్రీడా పాఠశాల ఎంపికలు దగ్గరపడ్డాయి. అందులో సీటు వస్తే తిండి, చదువు అక్కడే. రాకపోతే పరీక్షలు కాగానే వాడూ బ్యారన్ దగ్గరికే. ఈ మధ్య వాడి కూత సగంలో సన్నగిల్లి దగ్గు వస్తున్నది. ఒకనాడు బంకు వెనుక నుంచి వస్తుండగా ఆమె పట్టుకొన్నారు.

"నోరు తెరువు."

"జీడి తిన్నానండి."

"జీడి తింటే ముక్కులోంచి పొగ వస్తుందట్రా?"

వాడు నవ్వాపుకోలేకపోయాడు. "ఒక్కటే మేడమ్. మా నాయన బ్యారన్ కాడ పీల్చేదెంత, నేను పీల్చేదెంత?"

ఎంపికల రోజున గీత గేటు దాటి, మైదానంలోనికి వచ్చి, ఆటస్థలానికి సరిగ్గా నడుమ పడుకొని ఉన్నది. డ్రిల్లు మాస్టరు మస్తాన్‌రావు సంబరపడిపోయాడు. "సున్నం మిగిలింది మేడమ్! నడిమి గీత దానంతటదే వచ్చి పడింది!"

సింగరయ్య బంకు జెండా స్తంభం పక్కన నిలిచింది. భ్రమరాంబగారు ఫోను చేస్తే ఎస్సై ఎత్తలేదు. సెలెక్టరు కోటిలింగంగారు, "ఇంకో రెండు బళ్లు చూడాలి, కానివ్వండి," అంటూ వేళ చూసుకొంటున్నారు. ఆమె కుర్చీ తెప్పించుకొని, గీత పక్కనే కూర్చొన్నారు.

దైవకుమార్ కూతకు వెళ్లాడు. ఇద్దరిని తాకి తిరగబోతుండగా ఒకడు చీలమండ పట్టాడు. మిగిలినవారు మీద పడ్డారు. వాడు కూత విడువకుండా, అందరినీ ఈడ్చుకొంటూ నేలమీద పాకాడు. గీత ఇంకా మూరెడు దూరాన ఉండగా దగ్గు వచ్చింది. కూత తెగిపోయింది.

అప్పుడు గీత చప్పుడు లేకుండా జరిగి వచ్చి, వాడి వేళ్ల కింద ఆగింది.

పిల్లలు ఈలలు వేశారు. కాగితంమీద ఏదో రాసుకొంటున్న సెలెక్టరు తల ఎత్తి, "తాకాడా మేడమ్? మీరు పక్కనే ఉన్నారుగా," అన్నారు.

"వేళ్లు గీత మీదే ఉన్నాయి, చూడండి సార్!" అన్నాడు మస్తాన్‌రావు.

దైవకుమార్ దుమ్ములోనుంచి తల ఎత్తి ఆమె వైపు చూశాడు. ఆ కళ్లు చూస్తే ఆమెకు 'తాకాడు' అన్న మాట నాలుకదాకా వచ్చింది. అంతలో వెనుక రాళ్లు తీస్తున్న చప్పుడు వినిపించింది. సింగరయ్య మూరెడు ముందుకు రావడానికి బంకు తోస్తున్నాడు.

"తాకలేదు," అన్నారు భ్రమరాంబగారు. "కూత తెగిన తరువాత గీతే వాడి దగ్గరికి వచ్చింది."

"గీతలు జరగడం మీ ఊళ్లో మామూలేనంటగా! మంచి కుర్రాడు. మీరు పోనీలే అంటే రాసేసుకుంటాను."

"పోనీయను."

సెలెక్టరు భుజాలు ఎగరేసి, వాడి పేరు కొట్టివేశారు.

మరునాటి ఉదయం గీత సైకిలు షాపు ఎదుట, తొలినాడు వేసిన చోటనే ఉన్నది. బంకు మాత్రం జెండా స్తంభం పక్కనే ఉండిపోయింది. ఎస్సై వచ్చి, గీతను చూసి, బంకును చూసి, తల గోక్కున్నాడు. "ఏం జెయ్యను సింగరయ్యా? గీతకివతలున్నావు," అని ట్రాక్టరు తెప్పించి, బంకును స్టేషనుకు లాగించాడు. ఉపాధ్యాయులు చప్పట్లు కొట్టారు. భ్రమరాంబగారు ఆ గుంపులో నిలువక గేటు వైపు నడిచారు.

ఆమె గేటు దగ్గరికి వచ్చేసరికి దైవకుమార్ గేటు స్తంభానికి ఆనుకొని ఉన్నాడు. "బంకు పోయింది. సంతోషమేగా మేడమ్?"

"లేదురా."

"తాకాడని చెప్తే మీ సొమ్మేం పోయేది?"

"వచ్చే ఏడు ఎంపికకు వయసుంటుందా?" అని మాత్రం అడిగారు.

"వయసుంటది. కూతే లేదు."

"ఇక్కడినుంచి ఆ గీత దాకా వెళ్లి రా. ఒక్క కూతలో."

"ఊపిరి చాలదు."

"చాలదు. నాకూ తెలుసు."

వాడు కోపంగా ఆమెను చూశాడు. తరువాత వంగి, మట్టిని తాకి కళ్లకద్దుకొని, కూత అందుకొని పరుగు తీశాడు. జిరాక్సు కొట్టు దాటాడు. ఇస్త్రీ బండి దగ్గర కూత వణికింది. గీత వాడి కోసం కాస్త ఇటు వస్తే బాగుండునని భ్రమరాంబగారికి అనిపించింది. ముఖం పక్కకు తిప్పుకోబోయి, ఆగిపోయారు. రెప్ప వేయకుండా దానినే చూస్తూ నిలబడ్డారు.

గీత కదలలేదు.

టైలరు కొట్టు ముందు వాడి కూత తెగింది. మోకాళ్లమీద చేతులు పెట్టుకొని చాలాసేపు దగ్గాడు. తరువాత నడుచుకొంటూ వెనక్కి వచ్చి, మళ్లీ గేటు దగ్గర నిలుచొని, ఇంకో కూతకు గుండెల నిండా ఊపిరి పీల్చుకొన్నాడు.