లూదియా క్లాత్ స్టోర్స్, ఆళ్లగడ్డ

ఆళ్లగడ్డ జకరయ్య సార్‌కు అబద్ధం చెప్పాలంటే చెమటలు పట్టేవి. ఎలిమెంటరీ బడిలో టీచరు, చర్చిలో సంఘ పెద్ద. దారిలో ఎవరైనా "బాగుండారా సార్" అని పలకరిస్తే, పంటి నొప్పి ఉన్న రోజున "బాగలేనప్పా" అనే చెప్పేవాడు. అలాంటి మనిషి ఇంట్లో 1979 డిసెంబరులో ఒక బట్టల అంగడి వెలిసింది. పొద్దున ఎనిమిదికి తెరిచారు. మధ్యాహ్నం మూడుకు మూతపడింది.

దీనికంతటికీ మూలం పక్కింటి సుగుణమ్మ. మూడు తరాలుగా సేద్యం చేసుకునే ఇల్లు వాళ్లది. ఆమెకు గొంతూ ఎక్కువే, ధైర్యమూ ఎక్కువే. వెలుగోడులో తమ్ముడు కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశానికి పిలిచాడు. పదకొండు మందికి బట్టలు పెట్టాలి. ఇటు జకరయ్య భార్య లూదియాకు క్రిస్మస్ వస్తోంది. అత్తకు, ఆడబిడ్డకు, ఇద్దరు ఆడపిల్లలకు, మొగుడికి, తనకు కొత్త బట్టలు కావాలి. ఆళ్లగడ్డ అంగళ్లలో రేట్లు అడిగి ఇద్దరూ గోడకు ఆనుకుని కూర్చున్నారు.

"నంద్యాల పోదాం పా" అంది సుగుణమ్మ. "ఆడ హోల్‌సేల్ బజారు ఉందంట. ఈ అంగళ్లోళ్లంతా ఆడినుంచే తెచ్చి మన నెత్తిన రుద్దుతాండారు. మనమే పొయ్యి తెచ్చుకుంటే పోలా?"

శనివారం పొద్దున్నే బస్సెక్కారు.

ఆ బజారు చూసి లూదియాకు కళ్లు తిరిగాయి. సన్నటి సందుకు రెండు పక్కలా అంగళ్లు. లోపల తెల్ల దుప్పట్లు పరిచిన పరుపులు. వాటి మీద నడుము ఎత్తున చీరల గుట్టలు. గుమాస్తాలు మాట్లాడుతూనే ఒక్కో చీరా విసిరితే అది గాలిలోనే మడత విప్పుకుని వచ్చి ఒళ్లో పడుతోంది. ఎదురుగా మూటల బండి వస్తే మనుషులు ఏదో ఒక అంగట్లోకి దూరాల్సిందే. అలా బండికి దారి ఇవ్వబోయి వీళ్లిద్దరూ దూరిన అంగడి మద్దిలేటి శెట్టిది.

మద్దిలేటి శెట్టి అరవై ఏళ్ల మనిషి. పరుపు మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. లూదియా చూపు దూలానికి వేలాడదీసిన చీర మీద పడింది. నీలం వాయిలు, ఒళ్లంతా చిన్న చిన్న తెల్ల పూలు.

"ఆ చీర ఒకటి ఇయ్యి శెట్టీ" అంది సుగుణమ్మ.

"ఒకటియ్యం తల్లీ. డజను తీసుకోవాల. ఈడ అంగళ్లోళ్లకు మాత్రమే."

"అంగళ్లోళ్లమే" అంది సుగుణమ్మ, రెప్ప కొట్టకుండా.

లూదియా ఆమె చెయ్యి గిల్లింది. సుగుణమ్మ ఆ చెయ్యి విదిలించుకుంది.

శెట్టి దిండు వదిలి నిటారుగా కూర్చున్నాడు. "ఏ ఊరు? అంగడి పేరేంది?"

"ఆళ్లగడ్డ." సుగుణమ్మ అటూ ఇటూ చూసింది. పేరు కోసం వెతికితే కళ్ల ముందు లూదియా మొహమే కనబడింది. "లూదియా క్లాత్ స్టోర్స్. ఇదో, ఈమే ఓనరు."

శెట్టి చేతులు జోడించాడు. లూదియా కూడా ఏం చేయాలో తెలియక జోడించింది. టీ వచ్చింది. గుమాస్తా చీరలు విసరడం మొదలుపెట్టాడు. "మొగోళ్లు బట్టలంగళ్లు పెట్టినోళ్లను చూసినా గానీ, ఆడోళ్లు ఇట్ల ధైర్యంగా పెట్టింది ఇదే చూడ్డం" అని శెట్టి మురిసిపోతుంటే లూదియా టీ గ్లాసు పక్కన పెట్టేసింది. ఆ నీలం రకంలో ఒకటి కలిపి డజను వాయిలు చీరలు, డజను పంచెలు, డజను తువ్వాళ్లు, చొక్కాలకు ఒక పాప్లిన్ తాను తీసుకున్నారు. రేట్లు విన్నాక సుగుణమ్మకు నవ్వు ఆగడం లేదు. ఆళ్లగడ్డ రేట్లలో సగం.

మూట కట్టి ఇస్తూ శెట్టి అన్నాడు. "వచ్చే శనివారం అహోబిలం పోతాండా. మీ ఊరు దార్లోనే గదా. అంగడి చూసే పోతా."

బస్సులో దారి పొడుగునా లూదియా ఏడుపు మొహంతోనే కూర్చుంది. "రాడులే" అంది సుగుణమ్మ. "ఊరికే అంటారట్ల. వచ్చినా ఎవర్నడుగుతాడు?"

"నా పేరు పెట్టి అడుగుతాడక్కా! ఊళ్లో లూదియా నేనొక్కదాన్నే!"

ఇంట్లో సంగతి విని జకరయ్య, "నేను అబద్ధం చెప్పను" అన్నాడు.

"నువ్వేం చెప్పొద్దు సార్. ఆ పొద్దు నువ్వు యాడికన్నా పో" అంది సుగుణమ్మ.

"శనివారం ఒంటిపూట బడి. పదకొండున్నరకల్లా ఇంటికొస్తా. నా ఇంటికి నేను రాకుండా యాడికి పోవాల?"

వారమంతా లూదియా, శెట్టికి జ్వరం రాకూడదు గానీ చిన్న జలుబు చేసి ప్రయాణం ఆగిపోవాలని ప్రార్థన చేసింది. దర్జీకి ఇవ్వాల్సిన పాప్లిన్ కూడా ఇవ్వకుండా ఆపింది. శెట్టి వస్తే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

శనివారం తెల్లవారగానే ఇద్దరూ ముందు గది ఖాళీ చేశారు. మంచం నిలబెట్టి దాని మీద పంచెలు వేశారు. నేలకు పరిచిన బేతంచెర్ల బండల మీద చాప, చాప మీద దుప్పటి, దుప్పటి మీద చీరలు. గదికి అడ్డంగా తాడు కట్టి తువ్వాళ్లు ఆరేశారు. బోర్డు రాయడానికి సుద్దముక్క అడిగితే, బడి సుద్ద ఇంటికి తేనని జకరయ్య ముందే చెప్పేశాడు. అందుకని సుగుణమ్మ గడప ముందు ముగ్గుపిండితోనే 'లూదియా క్లాత్ స్టోర్స్' అని రాసి, చుట్టూ నాలుగు పద్మాలు వేసింది. నీలం చీరను మాత్రం లూదియా మడిచి దిండు గలీబులో దాచుకుంది.

ఎదురింటి కమలాక్షమ్మను గిరాకీగా కూర్చోబెట్టారు. ఆమె చెప్పాల్సింది ఒక్కటే మాట. "చీర బాగుంది, ఇయ్యి." పదిసార్లు చెప్పించి చూశారు. పదిసార్లూ బాగానే చెప్పింది.

పదకొండు గంటలకు శెట్టి వచ్చాడు. గడప దగ్గర ఆగి కిందికి చూసి, "బోర్డు నేల మీద రాస్తిరే! తొక్కకుండా ఎట్ల రావాల?" అంటూ పద్మాలు దాటి లోపలికి గెంతాడు.

"ఈపొద్దు మంచిరోజని" అంది సుగుణమ్మ.

లూదియా కమలాక్షమ్మకు సైగ చేసింది. కమలాక్షమ్మ చీర ఎత్తి వెలుతురులో పట్టుకుని చూసింది. చేతికి చీర తగిలేసరికి ఆమె తనకు నేర్పిన మాట మరిచిపోయింది.

"ఎంత?"

లూదియా గతుక్కుమంది. రేటు సంగతి వాళ్లు అనుకోలేదు. "నీ... నీ ఇష్టం వచ్చినంత ఇయ్యక్కా."

"రెండు రూపాయలు."

"సరే."

మద్దిలేటి శెట్టి గుండె పట్టుకున్నాడు. "సరేనా! ఏందమ్మా సరే! నేనిచ్చిన రేటేంది, నువ్వమ్మే రేటేంది! ఇట్లనేనా అంగడి నడిపేది?" చెప్పులు విప్పాడు. తలగుడ్డ తీసి పక్కన పెట్టాడు. చాప మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. "జరుగు తల్లీ. చూసి నేర్చుకో."

ఆపైన జరిగింది ఆ వీధిలో చాలాకాలం చెప్పుకున్నారు. శెట్టి చీర విసిరాడు. అది కమలాక్షమ్మ ఒళ్లో విప్పుకుని పడింది. ఆమె వద్దంటుండగానే రెండోది, మూడోది. "నీ రంగుకు ఈ పసుపు పడితే, పక్కింటోళ్లు నిద్రపోరు." కమలాక్షమ్మ నిజంగానే ఇంటికి పరుగెత్తి దుడ్లు తెచ్చి మూడు చీరలు కొనుక్కుపోయింది. దారిలో ఇద్దరికి చెప్పింది. ఆ ఇద్దరూ నలుగురికి చెప్పారు. అరగంటలో గది నిండింది. ముగ్గు బోర్డు ఎవరి కాళ్ల కింద పోయిందో కూడా తెలియలేదు.

"శెట్టీ, అహోబిలం బస్సు పోతాది" అంది సుగుణమ్మ, ఆయన్ను లేపడానికి.

"నరసింహస్వామి యాడికీ పోడు. గిరాకీ పోతాది" అన్నాడు శెట్టి, ఇంకో చీర విసురుతూ.

సరిగ్గా అప్పుడే బడి నుంచి జకరయ్య వచ్చాడు. తన ఇంట్లోకి పోవడానికి తోవ చాలక, "జరగండమ్మా, ఇది నా ఇల్లు" అనుకుంటూ లోపలికి వచ్చాడు.

"మీరేనా ఓనరమ్మ భర్త?" అన్నాడు శెట్టి. "అంగడి పెట్టి ఎంతకాలమైంది?"

"ఈ పొద్దు పొద్దున్నే పెట్టినారు" అన్నాడు జకరయ్య.

శెట్టి పకపకా నవ్వాడు. "సార్ తమాషా మడిసే! వ్యాపారం ఎట్లుంది?"

"ఇంతవరకు దమ్మిడీ లాభం రాలే."

"నలభై ఏండ్లాయ, ఏ వ్యాపారిని అడిగినా ఇదే మాట!" అని శెట్టి ఆయన వీపు తట్టాడు. ఎంత నిజం చెప్పినా నమ్మని మనిషిని జకరయ్య అంతవరకు చూడలేదు. ఏం చేయాలో తోచక మూలన నిలబడ్డాడు.

పంచెలు అయిపోయాయి. తువ్వాళ్లు అయిపోయాయి. పాప్లిన్ తాను ముక్కలై చర్చిలో డ్రమ్ములు వాయించే మోషే కుటుంబానికి పోయింది. అయినా జనం తగ్గలేదు. శెట్టి చుట్టూ చూసి తాడు చివర వేలాడుతున్న గళ్ల లుంగీ లాగాడు.

"అది నాది" అన్నాడు జకరయ్య.

"చూసినారా! ఓనరు సొంతానికి కట్టే రకం! ఎంత గట్టి సరుకో చూసుకోండి!"

లుంగీ పోయింది. కిటికీ కర్టెన్‌ను పరికిణీ గుడ్డ అని ఎవరో కొనుక్కుపోయారు. కింద పరిచిన దుప్పటికి ఇద్దరు ఆడవాళ్లు రెండు కొసలు పట్టుకుని పోట్లాడుతుంటే శెట్టి కూర్చునే పక్కకు జరిగి ఇచ్చాడు. వీపుకు ఆసరాగా దిండు లాక్కోబోతే గలీబులో ఏదో గరగరలాడింది. చెయ్యి పెట్టి బయటకు తీశాడు. నీలం చీర. తెల్ల పూలు.

"మంచి సరుకును దాస్తే ఎట్లమ్మా!" అన్నాడు. లూదియా నోరు తెరిచేలోపు చీర గాలిలో విప్పుకుంది. పోస్టుమాస్టరు భార్య దాన్ని కింద పడనివ్వలేదు.

లూదియా లేచి వంటింట్లోకి పోయి, పొయ్యి ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

జనమంతా వెళ్లిపోయారు. ఉత్త చాప మీద మద్దిలేటి శెట్టి చెమట తుడుచుకుంటూ, గెలిచిన పహిల్వాన్‌లాగా కూర్చున్నాడు. "సోమవారం ఇంకో రెండు మూటలు పంపిస్తా. ఈ ఊళ్లో మీకు తిరుగులేదు. ఓనరమ్మ ఏదీ?"

"ఏడుస్తాంది" అన్నాడు జకరయ్య. "శెట్టిగారూ, ఇది అంగడి కాదు. మా ఇల్లు. మీరమ్మింది మా పండగ బట్టలు. సుగుణమ్మ తమ్మునికి పెట్టాల్సిన బట్టలు. నా లుంగీ."

ఈసారి శెట్టి నవ్వలేదు. తాడు వైపు చూశాడు. కర్టెన్ లేని కిటికీ వైపు చూశాడు. వంటింట్లోంచి వెక్కిళ్లు వినిపిస్తున్నాయి. ఆయన మంచినీళ్లు అడిగి రెండు చెంబులు తాగాడు.

"నాకు అబద్ధం చెప్పినారా?"

"చెప్పినాం" అంది లూదియా, తలుపు దగ్గరకు వచ్చి, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "తప్పయిపాయ."

సుగుణమ్మ మాత్రం తగ్గలేదు. "డజనుకు తక్కువైతే ఇయ్యనంటివి గదా శెట్టీ! అప్పుడు మేమేం చెయ్యాల?"

"ఎందరికి కావాల బట్టలు?"

"పదిహేడు మందికి."

"పదిహేడు మంది అంటే డజను కన్నా ఎక్కువే గదమ్మా! ఆ మాట చెప్పింటే ఇయ్యకపోదునా? దీనికి అంగడెందుకు?"

జకరయ్య గొంతులోంచి వింత చప్పుడు వచ్చింది. అందరూ ఆయన వైపు చూశారు. సంఘ పెద్ద నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. ఆపలేకపోయాడు. తర్వాత శెట్టి మొదలుపెట్టాడు. పొట్ట పట్టుకుని, "సొంతానికి కట్టే రకం అంటినే!" అని కళ్ల నీళ్లు కారేట్టు నవ్వాడు. ఏడుపు మొహంతోనే లూదియా కూడా నవ్వింది.

సోమవారం ఇద్దరూ మళ్లీ నంద్యాల పోయారు. ఈసారి పదిహేడు పేర్లు కాగితం మీద రాసుకుని పోయారు. అమ్మిన దుడ్లతో అన్నీ వచ్చాయి. దుప్పటి, కర్టెన్, లుంగీ శెట్టి ఊరికే ఇచ్చాడు. నీలం చీర మాత్రం రకం అయిపోయింది. గుమాస్తా గుట్టలన్నీ వెతికి లేదన్నాడు. శెట్టి స్టూలు తెప్పించుకుని ఎక్కి, దూలానికి వేలాడే చీర స్వయంగా విప్పి దులిపాడు.

"శెట్టీ, సింగిల్ పీసు!" అన్నాడు గుమాస్తా, భయపడిపోయి.

"నోర్మూసుకుని కట్టు."

సాయంత్రం బస్సు కిక్కిరిసి ఉంది. సీట్ల మధ్య సందులో మూట పెట్టుకుని ఇద్దరూ నిలబడ్డారు. మూట మూలన చిన్న చిరుగులోంచి చీర అంచు కనబడుతోంది. ముందు సీటులోని ఆమె దాన్ని వేలితో రుద్ది చూసింది.

"బాగుందే! యాడ తెచ్చినారు? ఎంత?"

సుగుణమ్మ కళ్లు మెరిశాయి. "అదా! నీ రంగుకు ఆ..."

లూదియా గభాలున మూట మీద కూర్చుంది. కొంగు చుట్టూ దోపుకుని రెండు చేతులతో మూట ముడి పట్టుకుంది. కండక్టరు వచ్చి లేవమంటే లేవలేదు. సిరివెళ్లలో సీటు ఖాళీ అయిందని పిలిచినా పోలేదు. ఆళ్లగడ్డ బస్టాండులో జకరయ్య వచ్చి మూటకు ఒక కొస పట్టుకున్నాకే లేచింది.